దస్తగీర్ పేరు లేని ఫాతెహా

ఎల్లారెడ్డిలో ముసల్మానుల ఇంట ఆడమనిషి పోయిందంటే, మసీదు మైకులో చెప్పకముందే ఖుర్షీద్ బేగంకు కబురు వెళ్తుంది. నీళ్లు కాగుతున్నాయా, చాటు కట్టడానికి దుప్పట్లున్నాయా, రేగాకు తెచ్చారా, కర్పూరం ఏది, గుమ్మంలో అడుగుపెడుతూనే అన్నీ అడిగేస్తుంది. ఏడ్చేవాళ్లను ఏడవనిస్తుంది గానీ, అడ్డం కూర్చుంటే మాత్రం ఊరుకోదు. "ఏడ్వు తల్లీ, ఎవలొద్దన్నరు? గాని గా మూలకు పోయి ఏడ్వు, నా పని కానియ్యి" అంటుంది. పోయిన ఆడవాళ్లకు ఆఖరి స్నానం చేయించి, కఫన్ చుట్టి, శవాన్ని మోసే డోలా మీద పడుకోబెట్టడం ఆవిడ పని. గుసుల్ అంటారు ఆ స్నానాన్ని. ఎనభై దాటినా నడుం వంగలేదు, నోరు అసలే వంగలేదు.

ఇంట్లో వాళ్లు మాట్లాడుకునేది ఉర్దూ. మనం మాత్రం తెలుగులోనే చెప్పుకుందాం. ఖుర్షీద్ బేగంకు అభ్యంతరం ఉండదు, ఆవిడ తిట్లన్నీ తెలుగులోనే కదా.

ఊళ్లో ఇంతమందికి ఆఖరి పని చేసిన ఆ మనిషికి సొంత తండ్రి విషయంలో మాత్రం చేతులు కట్టేసినట్టయింది. స్నానం లేదు, కఫన్ లేదు, సమాధి లేదు. అవన్నీ పోనీ అనుకున్నా, షబే బరాత్ వస్తుంది. ఆ సాయంత్రం ప్రతి ఇంట్లో హల్వా చేసి, ఇంట్లో పోయినవాళ్ల పేర్లు ఒక్కొక్కటే చెప్పి ఫాతెహా చదివిస్తారు. ఖుర్షీద్ బేగం ఇంట్లోనూ చదివిస్తారు. అమ్మ పేరు, భర్త కరీం పేరు, తాతల పేర్లు, పుట్టి పోయిన పసిగుడ్డు పేరుతో సహా అన్నీ వస్తాయి. తండ్రి దస్తగీర్ పేరు మాత్రం రాదు. ఆ పేరు చదివారంటే ఆయన పోయాడని ఇంటివాళ్లే ఒప్పుకున్నట్టు. ఆ మాట ఒప్పుకోవడానికి ఆ ఇంట్లో ఎవరికీ హక్కు లేకపోయింది.

దస్తగీర్ అంటే నిజాం కాలంలో ఈ ఊళ్లో ఆబ్కారీ జమేదారుగా చేసినాయన కొడుకు. బాగా పొడగరి అని చెబుతారు. కామారెడ్డిలో చదువుకుంటూ, స్టేషన్లో రైలింజన్ ఆగితే బడి ఎగ్గొట్టి దాని చుట్టూ తిరిగేవాడట. ఓనాడు ఆ రైలే ఎక్కి సికింద్రాబాద్ పోయి, అక్కడి నుంచి విమానాల ఫౌజులో చేరాడు. సెలవు మీద వచ్చినప్పుడు రహమత్ బీతో నికా చేశారు. కొత్త పెళ్లికొడుకు నాలుగు రోజులైనా తీరిగ్గా ఇంట్లో కూర్చోకముందే పిలుపొచ్చింది. ఆయన వెళ్లింది బాంబులు వేసే విమానంలోకి. అందులో ఇద్దరే మనుషులు. ముందు నడిపేవాడు, వెనక తోక వైపు తిరిగి తుపాకీ పట్టుకుని కూర్చునేవాడు. దస్తగీర్ ఆ వెనక మనిషి. బర్మా సరిహద్దులో జపానువాళ్లతో యుద్ధం ముదిరిన ఎండాకాలంలో, కొండల మీదికి వెళ్లిన ఆ విమానం తిరిగి రాలేదు. ఇంటికి తంతి వచ్చింది. మనిషి కనిపించడం లేదని ఉంది, అంతే.

రహమత్ బీ అప్పటికి కడుపుతో ఉంది. కనిపించడం లేదంటే కనిపిస్తాడనే కదా అంది. అన్న మాట మీద ముప్పై అయిదేళ్లు నిలబడింది. భర్త పోయినవాళ్లు పాటించే ఇద్దత్ కూర్చోలేదు. మెడలో నల్లపూసల లచ్చా తీయలేదు. పట్నం నుంచి వచ్చిన ఖాజీ సాబ్, జాడ తెలియని మగవాడికి తొంభై ఏళ్ల వయసు వచ్చేదాకా బతికున్నట్టే లెక్కించాలని పాత కితాబుల మాట చెప్పి వెళ్లాడు. ఇరవై కూడా నిండని పిల్లకు చెప్పే మాటేనా అది! ఊరి ఆడవాళ్లు ముక్కున వేలేసుకున్నారు. రహమత్ బీ మాత్రం ఖాజీ సాబ్ తన వైపే చెప్పాడనుకుని, కళ్లల్లో వత్తులు వేసుకుని దారి చూస్తూ కూర్చుంది. ఆడపిల్ల పుట్టింది, పెరిగింది, పెళ్లయి పక్క వీధికే వెళ్లింది. తల్లి అదే గుమ్మంలో ఉంది.

ఆమె పోయిన రోజున పెరట్లో పెద్ద పేచీ వచ్చింది. భర్త ఉండగా పోయిన ఆడదానికి డోలా మీద ఎర్ర ఓణీ కప్పడం ఇక్కడి అలవాటు. గుసుల్ చేయించడానికి వచ్చిన ముసలమ్మ, "ఎర్రది కప్పాల్నా, వద్దా? ఈమె సుహాగనా, బేవానా? ఎవరన్న ఒకరు చెప్పుండ్రి" అని నిలబడిపోయింది. ఒకరు అవునన్నారు, ఒకరు కాదన్నారు. శవం తడిసి ఉంటే వాదనేమిటని ఖుర్షీద్‌కు ఒళ్లు మండిపోయింది. తానే కొంగు బిగించి తల్లికి నీళ్లు పోసింది, తానే ఎర్ర ఓణీ తెచ్చి కప్పింది. ఆ రోజు నుంచే ఆవిడకు ఈ పని అబ్బింది. అంతకు ముందు, చివరి ఘడియలో తల్లి ఆమె చెయ్యి పట్టుకుని ఒకే మాట అడిగింది. "ఆయన మట్టి నీ కండ్లతోని చూడందే ఆయన పేరు చదివియ్యకు" అంది. ఖుర్షీద్ ఊఁ అంది.

ఆ ఊఁ అనడమే మెడకు ఉరి అయి కూర్చుంది. తల్లిలాగా ఎదురుచూడటం ఖుర్షీద్ బేగం వల్ల కాదు. తండ్రి పోయాడనే ఆవిడ చిన్నప్పటి నుంచీ నమ్మింది. ఎన్ని శవాలను చూసింది! మనిషి పోవడం ఎంత తేలికో ఆవిడకు తెలిసినంతగా ఎవరికి తెలుసు? ఆవిడకు కావలసింది ఒక్కటే. తండ్రి ఎముక ముక్కైనా కళ్ల చూసి, ఒక్క షబే బరాత్‌కు ఆయన పేరు చదివించి, తర్వాత తాను పోవాలి. ఏటా హల్వా కలుపుతూ ఆవిడ అనేది అదే. కోడలు ఇఫ్ఫత్ వినీ వినీ, "మీరు పోవుడు మల్ల సూద్దాం గాని, అడుగంటుతున్నది, గరిట తిప్పుండ్రి అమ్మీ" అనేది. కొడుకు ముజీబ్ సౌదీలో ఉంటాడు. ఇంట్లో అత్తాకోడళ్లే, ఒకరి నోటికి ఒకరు సరిజోడు.

పోయిన ఏడాది ఫోన్ వచ్చింది. మాట్లాడింది పుణె నుంచి స్వాతి అనే ఆవిడ. హిందీలో, మెల్లగా, ఎదుటివాళ్లకు దెబ్బ తగులుతుందేమోనని భయపడుతున్నట్టు మాట్లాడింది. ఆ విమానం నడిపిన పైలట్ ఆమె తాతకు అన్న. బర్మా సరిహద్దు కొండల్లో పోడు కొట్టుకునేవాళ్లకు చెట్ల వేళ్ల కింద ఇంజన్ ముక్క, రెక్క ముక్క, కొన్ని ఎముకలు దొరికాయి. ఇంజన్ మీది నంబరు ఆ విమానానిదే. ఎముకలు ఎవరివో తేల్చాలంటే రెండు కుటుంబాల రక్తం పోల్చాలి. "దస్తగీర్ గారి పిల్లలెవరైనా ఉన్నారా?" అని అడిగింది స్వాతి.

ఇఫ్ఫత్ ఫోన్ స్పీకర్‌లో పెట్టింది. ఖుర్షీద్ బేగం బియ్యంలో రాళ్లు ఏరుతున్నదల్లా చేట పక్కన పెట్టి, "ఉన్న బేటీ. నేనొక్కదాన్నే ఉన్న" అంది. తర్వాత చేట మళ్లీ ఒళ్లోకి తీసుకుని, ఏరిన బియ్యమే ఏరింది.

స్వాతి ఎవరినో పంపింది. దూది పుల్లతో బుగ్గ లోపల రుద్ది తీసుకుపోయారు. ఇంతేనా అని ఖుర్షీద్ బేగం ఆశ్చర్యపోయింది. సాయంత్రం పొరుగింటి రాజమణి వచ్చి కూర్చుంది. పొలం, పాడి ఉన్న ఇల్లు ఆమెది. ఈ ఇద్దరిదీ చిన్నప్పటి స్నేహం.

"మా దాంట్ల అయితే గింత కష్టం లేకపోవు ఖుర్షీదూ" అంది రాజమణి. "మనిషి దొరకకుంటె పన్నెండేండ్లు సూసి, పిండితోని బొమ్మ చేసి కాలవెడుతరు. ఆడికి అయిపాయె. మీరు బొమ్మ చెయ్యరాయె."

"బొమ్మకు గుసుల్ చేయిస్తనా? మా ఇమాము ముస్తకీమ్ వింటే నా మీద పడి కొడతడు" అంది ఖుర్షీద్ బేగం. ఇద్దరూ నవ్వారు. చాలా రోజులకు ఆవిడ కడుపు నిండా నవ్వింది.

మర్నాడే బజారుకు వెళ్లి కఫన్ గుడ్డ తెచ్చింది. మగవాళ్లకు మూడు గుడ్డలు కత్తిరిస్తారు. ఆవిడ మూడూ కత్తిరించింది, అదీ మామూలు కంటే బారెడు పొడవుగా. ఇఫ్ఫత్ చూసి, "పిడికెడు బొక్కలకు గింత పొడుగు గుడ్డ ఎందుకు అమ్మీ?" అంది. "పొడుగు మనిషంట నా తండ్రి. మా అమ్మ చెప్పింది. కురచ బట్ట తొడిగిస్తనా?" అని కసిరింది. మసీదు ఇమామ్ ముస్తకీమ్‌ను పిలిపించి అడిగింది. సగం శరీరమైనా లేనప్పుడు గుసుల్, జనాజా నమాజ్ ఉండవని, గుడ్డలో చుట్టి మట్టి చేయడమేనని ఆ కుర్రాయన మెత్తగా చెప్పాడు. "గదే చాలు బేటా. పేరు చదవొచ్చు గద?" అంది. చదవొచ్చన్నాడు. అయితే కబరస్తాన్‌లో తల్లి పక్కన జాగా చూసి రమ్మని అతన్నే పంపింది. పండగకు ఇల్లు సర్దుకున్నట్టు సర్దుకుంది ఆవిడ ఆ నెలలన్నీ. ఒక్కోసారి నిద్రలోంచి లేచి ఇఫ్ఫత్‌ను తట్టి, "బొక్కలు డబ్బాల తెస్తరా, మూటల తెస్తరా?" అని అడిగేది.

స్వాతి డబ్బా తేలేదు. మూటా తేలేదు. ఫోన్‌లో చెప్పే మాట కాదని తానే కారు వేసుకుని, దెగ్లూర్ దాటి, డోంగ్లి, బాన్సువాడల మీదుగా ఎల్లారెడ్డి వచ్చింది. నలభై ఏళ్ల మనిషి. వచ్చి, చెప్పులు విడిచి, ఖుర్షీద్ బేగం కాళ్ల దగ్గర చాప మీద కూర్చుంది. కుర్చీ వేసినా కూర్చోలేదు. అప్పుడే ఇఫ్ఫత్‌కు సంగతి తెలిసిపోయింది.

"అమ్మా, దొరికిన ఎముకలన్నీ ఒక్క మనిషివే" అంది స్వాతి. "మా పెద్ద తాతవి. వెనక సీటులో ఏమీ లేదు."

"జంతువులు గిట్ల కొంటవొయినయేమో?"

"కాదమ్మా. బెల్టు బకిల్ తెరిచి ఉంది. తెగలేదు, కాలలేదు. చేత్తో విప్పుకున్నది. ఆయన దూకారు." స్వాతి బకిల్ విప్పినట్టు చేత్తో చూపింది. "అది మీకు కొత్త సంగతి కాదనుకుంటాను. పారాషూట్ తెరుచుకోవడం చూసినాయన మీ ఇంటికి వచ్చి చెప్పాడు కదా."

ఖుర్షీద్ బేగం ఆమె ముఖంలోకి చూసింది. "ఎవరు? ఎవరొచ్చి చెప్పిన్రు?"

పక్క విమానంలో వెళ్లిన తుపాకీ మనిషి, దస్తగీర్‌కు దోస్తు. కొన్ని నెలలకు సెలవు దొరకగానే ముందు పుణె వెళ్లాడు. అప్పటికి చిన్నపిల్లవాడైన స్వాతి తాత అతని మాటలు చెవులారా విన్నాడు, బతికినన్నాళ్లూ ఇంట్లో చెబుతూనే ఉన్నాడు. విమానం మంటల్లో పడిపోతుంటే వెనక సీటు నుంచి ఒక మనిషి దూకాడు. పారాషూట్ విచ్చుకుంది. వాగు అవతల కొండ వాలు మీద దిగాడు. లేచి నిలబడి పైకి చూసి చెయ్యి ఊపాడు. అది శత్రువుల నేల, విమానం దించడానికి వీల్లేదు. "ఇప్పుడు దస్తగీర్ ఇంటికి పోతున్నాను. అడిగేవాళ్లుంటేనే వెతుకుతారు. వదలకుండా అడగమని వాళ్ల నాన్నకు చెప్పాలి" అని అతను పుణె నుంచి బయలుదేరాడట.

ఆ మనిషి ఎవరో ఖుర్షీద్ బేగంకు తెలుసు. కళ్లతో చూడలేదు, కానీ అతని కథ వింటూనే పెరిగింది. ఆ ఇంట్లో అది గొప్పగా చెప్పుకునే ముచ్చట. కడుపుతో ఉన్న ఆడదాని చెవిన చావు కబురు పడకూడదని ఇక్కడ గట్టి పట్టింపు. రహమత్ బీకి నెలలు నిండిన రోజుల్లో, ఫౌజు బట్టల్లో ఒక కుర్రాడు వచ్చి వాకిట్లో నిలబడి దస్తగీర్ ఇల్లు ఇదేనా అన్నాడు. దస్తగీర్ తండ్రి, జమేదారు దాదా ఆ బట్టలు చూశాడు, ఆ ముఖం చూశాడు, సంగతి తనకు అర్థమైపోయిందనుకున్నాడు. గబగబా వెళ్లి, "నోరు తెరవకు బేటా, లోపల నిండు చూలాలు ఉన్నది" అన్నాడు. ఆ కుర్రాడు, "అది కాదు చాచా, వినుండ్రి" అన్నాడు. దాదా అరచేత్తో అతని నోరు మూశాడు. బలవంతాన నడిపించుకుపోయి, సరాయిలో కడుపు నిండా అన్నం పెట్టించి, తాను పక్కనే కూర్చుని మళ్లీ నోరెత్తితే అల్లా మీద ఒట్టేనని అడ్డుకుని, బండి కట్టించి కామారెడ్డి స్టేషన్‌కు పంపేశాడు. బండి ఎక్కుతూ ఆ కుర్రాడు వెక్కి వెక్కి ఏడ్చాడని చెప్పుకునేవారు. దోస్తు పోయాడని ఏడ్చాడనుకున్నారు అందరూ. వారం తిరక్కుండా ఖుర్షీద్ పుట్టింది. తర్వాతైనా అతన్ని వెతికి అడుగుదామని ఎవరికీ తోచలేదు. ఏం అడుగుతారు, అడిగి చావు మాట చెప్పించుకుంటారా అనుకున్నారు. నిండు చూలాలున్న ఇంటికి ఖుర్షీద్ బేగం ఈనాటికీ వెళ్లదు. "మా దాదా అట్ల అడ్డం నిలవడ్డడు గనుకనే నేను నేల మీద పడ్డ" అని ఎందరి కోడళ్లకు చెప్పిందో!

"'అది కాదు' అన్నడు" అంది ఖుర్షీద్ బేగం. "'అది కాదు చాచా' అన్నడు. గా మాట మాకు ఎరికే. అందరికి ఎరికే. ఎవ్వలం సోంచాయించలే."

జరిగింది ఏమిటో ఇఫ్ఫత్ చెబితే విని స్వాతి రెండు చేతులతో ముఖం కప్పుకుంది.

"తర్వాత ఏమైండు నా తండ్రి?" అని అడిగింది ఖుర్షీద్ బేగం.

"తెలియదమ్మా. ఎవరికీ తెలియదు. ఆ కొండల్లోనే పోయి ఉండొచ్చు. పట్టుబడి ఉండొచ్చు. యుద్ధం అయ్యాక ఖైదుల్లోంచి బయటపడ్డవాళ్లలో జ్వరాలతో తమ పేరు కూడా చెప్పలేనివాళ్లు ఉండేవారని తాత అనేవాడు. ఇంటివాళ్లు వెళ్లి పోల్చుకుంటే తప్ప వాళ్లెవరో తెలిసేది కాదట. ఆయన వాళ్లలో ఉన్నాడని నేను అనడం లేదు."

"ఉంటే మాత్రం పోల్చుకునెటందుకు ఎవలు పోయిన్రు" అంది ఖుర్షీద్ బేగం. అప్పుడు బద్దలైంది ఆవిడ కోపం. పాపం స్వాతి మీద కాదు. పోయి డెబ్బై ఏళ్లయిన జమేదారు దాదా మీద. "ఒక్క మాట ఇనుంటె నీ సొమ్మేం పోయేది ముసలోడా! అన్నం పెట్టినవు, బండి కట్టినవు, చెవి మాత్రం ఇయ్యకపోతివి. నీ కొడుకు బతికిండని చెప్పవస్తె నోరు మూస్తివి గదరా!" అని వీధి వినేలా దుమ్మెత్తిపోసింది. రాజమణి పరుగున వచ్చింది. ఎవరు పట్టుకున్నా ఆగలేదు. గొంతు పోయేదాకా తిట్టి, చివరకు చతికిలబడి, "ఆయన తప్పు కూడ కాదు. నా కోసం మూసిండు. నేను కడుపుల లేకుంటె గా మాట ఇంట్లకు వచ్చేది" అంది. ఇఫ్ఫత్ ఎంత చెప్పినా, పుట్టకముందు ముచ్చటకు మీరేం చేస్తరని ఎంత బతిమాలినా, ఆ మాట ఆవిడ తలకెక్కలేదు. ఈ జన్మకు ఎక్కదు కూడా.

స్వాతి ఆ రోజే వెళ్లిపోయింది. ఖుర్షీద్ బేగం ఆ పొడవాటి కఫన్ గుడ్డను మసీదుకు పంపేసింది. బస్టాండులో దిక్కులేక పోయిన ఒకతనికి వాడారు. పొట్టి మనిషట, కాళ్ల దగ్గర గుడ్డ చాలా మిగిలిందని ముస్తకీమ్ చెప్పాడు. ఆవిడ విని తలూపింది. పిలిస్తే గుసుల్‌కు వెళ్తోంది, పని చేస్తోంది, వస్తోంది. అడ్డం కూర్చుని ఏడ్చేవాళ్లను ఇప్పుడు ఏమీ అనడం లేదు. అది చూసి ఊరందరికీ భయం వేసింది.

షబే బరాత్ వచ్చింది. మగ్రిబ్ నమాజ్ కాగానే ముస్తకీమ్ వచ్చి హల్వా పళ్లెం ముందు కూర్చున్నాడు. ఖుర్షీద్ బేగం పేర్లు చెబుతోంది. తల్లి రహమత్ బీ. భర్త కరీం. పసిగుడ్డు. జమేదారు దాదా దగ్గర ఒక్క క్షణం ఆగి, "చదువు బేటా. నేను మాఫ్ చెయ్యకుంటె ఆయనకు ఎవలు చేస్తరు" అంది. ఆ తర్వాత ఊరుకుంది.

ముస్తకీమ్ మెల్లగా అందుకున్నాడు. "దాదీమా, మీ అబ్బా పేరు కూడ చెప్పుండ్రి. ఉంటే ఆయనకు నూరేండ్లు దాటినయి. షరియత్ ఎప్పుడో ఒప్పుకున్నది. మీ అమ్మకు ఇచ్చిన మాట తప్పినట్టు కాదు. పెద్ద ముఫ్తీని అడిగే వచ్చిన."

"షరియత్ ఒప్పుకున్నది బేటా. నేను ఒప్పుకుంట లేను."

ఇఫ్ఫత్ ఆగలేకపోయింది. "ఏంది అమ్మీ గిది? పుట్టినప్పటి సంది గిదొక్కటే కోరుకుంటిరి గద! ఇయ్యాల దారి దొరికింది, చదివియ్యుండ్రి, మీ పానం నిమ్మలమైతది."

"కోరుకున్న. ఆయన మంటల్ల పోయిండనుకొని కోరుకున్న" అంది ఖుర్షీద్ బేగం. "ఆయన దూకిండు. నిలవడి చెయ్యి ఊపిండు. మనోళ్లు వస్తరని చూసిండు. ఎన్ని దినాలు చూసిండో ఏమో! ఈ ఇంటికెల్లి ఒక్కరు పోలేదు, ఒక్కరు అడగలేదు. ఇప్పుడు నేను సుత సచ్చిండని చదివిస్తె, ఇగ ఆయనకు ఎవలున్నరు?"

ఆవిడ ముస్తకీమ్ వైపు తిరిగింది.

"నేను పోయినంక నా పేరు చదువుతరు గద, గప్పుడు నా ఎన్కనే ఆయన పేరు చదువుండ్రి. గందాక ఆయన కోసం చూసెటోళ్లు ఈ ఇంట్ల ఒక్కరన్న ఉండాలె."

ముస్తకీమ్ ఆవిడ చెప్పిన పేర్లు చదివి ఫాతెహా ముగించాడు. ఇఫ్ఫత్ కళ్లు తుడుచుకుని పొరుగిళ్లకు హల్వా సర్దింది. ఖుర్షీద్ బేగం లేచి వెళ్లి, తల్లి కూర్చునే గుమ్మంలో కూర్చుంది.